‘గివ్’ ఉండగా ఇన్ని క్రియలెందుకు?

ప్రశ్న: మేము ఒక గ్రంథాలయానికి పుస్తకాలు ఇచ్చిన సందర్భంలో నివేదిక రాస్తూ ‘వుయ్ డొనేటెడ్ ద లైబ్రరీ టూ హండ్రెడ్ బుక్స్’ అన్నాను. పై అధికారి అది తప్పని కొట్టివేసి ‘డొనేటెడ్’కు బదులు ‘గేవ్’ అని దిద్దారు. రెండింటి అర్థమూ ఒకటే అయినప్పుడు ఒకటి ఒప్పు, మరొకటి తప్పు ఎలా అవుతాయి?

జవాబు: దిద్దుబాటు సరైనదే. ‘డొనేటెడ్’ను ఉంచదలచుకుంటే ‘వుయ్ డొనేటెడ్ టూ హండ్రెడ్ బుక్స్ టు ద లైబ్రరీ’ అని రాయవలసి ఉంటుంది. తెలుగులో ఈ చిక్కు లేదు. ఇచ్చినా, దానం చేసినా, సమర్పించినా, బహూకరించినా పుచ్చుకునేవారి పేరు చివర ‘కి’ గాని ‘కు’ గాని చేరిస్తే పని జరిగిపోతుంది. ఆ తరువాత మాటలను ముందువెనుకలు చేసినా ఎవరు ఎవరికి ఇచ్చారన్నది మారదు. ఇంగ్లిషులో ఆ విభక్తి చేసే పనిని ఒకచోట మాటల వరుస, మరొకచోట ‘టు’, ‘ఫర్’, ‘విత్’ వంటి చిన్న మాటలు చేస్తాయి కాబట్టి, ఏ క్రియకు ఏది చెల్లుతుందో క్రియతో పాటే నేర్చుకోవాలి.

‘గివ్’కు రెండు దారులున్నాయి: ‘షి గేవ్ హిమ్ ఎ పెన్’ అనవచ్చు, ‘షి గేవ్ ఎ పెన్ టు హిమ్’ అనవచ్చు. ‘సెండ్’, ‘లెండ్’, ‘హ్యాండ్’, ‘పాస్’, ‘ఆఫర్’ కూడా ఇంతే. ‘డొనేట్’, ‘కాంట్రిబ్యూట్’, ‘రిటర్న్’ అనే వాటికి రెండవ దారి ఒక్కటే ఉంది; అందుకే ‘రిటర్న్ మీ ద బుక్’ అన్నది ఇంగ్లిషు చెవికి ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, ‘గివ్ మీ బ్యాక్ ద బుక్’ వినిపించదు. దీనికి కొంతవరకు భాషాచరిత్ర కారణం. ఇంగ్లిషులో మొదటినుంచీ ఉన్న పొట్టి క్రియలు చాలావరకు రెండు దారుల్లోనూ నడుస్తాయి. లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి వచ్చిన పొడవాటి క్రియలు ‘టు’ లేనిదే కదలవు. అయితే దీన్ని గట్టి సూత్రంగా పట్టుకోకండి. ‘గ్రాంట్’, ‘అవార్డ్’ ఫ్రెంచి నుంచి వచ్చినవే అయినా ‘దే అవార్డెడ్ హర్ ఎ ప్రైజ్’ అనడంలో దోషమేమీ లేదు.

ఇంగ్లిషు వాక్యంలో కొత్త విషయానికి, నొక్కి చెప్పవలసిన దానికి చోటు చివర. ఏమిచ్చావని అడిగితే ‘ఐ గేవ్ మై బ్రదర్ ఎ పెన్’ అని, పెన్ను ఎవరికిచ్చావని అడిగితే ‘ఐ గేవ్ ఇట్ టు మై బ్రదర్’ అని జవాబు వస్తుంది. మనం ‘తమ్ముడికి పెన్ను ఇచ్చాను’, ‘పెన్ను తమ్ముడికి ఇచ్చాను’ అంటూ అసలు మాటను క్రియకు ముందు నిలిపి ఈ పనే చేస్తున్నాము. ఇచ్చే వస్తువును ‘ఇట్’ అన్నప్పుడు మాత్రం ‘గివ్ ఇట్ టు మీ’ అనడమే వాడుక. బ్రిటన్‌లో కొన్ని ప్రాంతాలవారు ‘గివ్ ఇట్ మీ’ అంటారు గాని మనం దాన్ని అనుకరించనక్కరలేదు.

‘ప్రొవైడ్’, ‘సప్లై’, ‘ప్రెజెంట్’ అనేవి పుచ్చుకునేవారిని ముందు చెప్పినప్పుడు ‘విత్’ కోరుతాయి: ‘దే ప్రొవైడెడ్ అజ్ విత్ చైర్స్’. అమెరికాలో కొందరు ఈ ‘విత్’ను వదిలేస్తున్నారు, కార్యాలయ ఉత్తరాల్లో ఉంచడమే మంచిది. ‘కొనిచ్చాడు’ అనే మన మాటను ‘బాట్ అండ్ గేవ్’ అని రెండు ముక్కలు చేసేవారు చాలామంది కనిపిస్తారు. ఒక్క ‘బాట్’ చాలు, దానికి ‘టు’ కాక ‘ఫర్’ కావాలి: ‘హి బాట్ ఎ వాచ్ ఫర్ హర్’.

మీ వాక్యాన్ని ‘ద లైబ్రరీ వాజ్ గివెన్ టూ హండ్రెడ్ బుక్స్’ అని కూడా మార్చవచ్చు. ‘గివ్’ విషయంలో పుచ్చుకునేవారినే కర్తగా కూర్చోబెట్టే వీలుంది. తెలుగులో అదే మనిషి ‘కి’ని విడిచిపెట్టలేడు, ‘అతనికి వారం గడువిచ్చారు’ అనే అంటాము. ‘గివెన్’ స్థానంలో ‘డొనేటెడ్’ పెట్టి ‘ద లైబ్రరీ వాజ్ డొనేటెడ్’ అన్నారంటే మాత్రం గ్రంథాలయాన్నే ఎవరికో దానమిచ్చేసినట్టు అవుతుంది.

ప్రశ్న: ‘ఐ గేవ్ హిమ్ ద మనీ, బట్ హి డిడ్ నాట్ టేక్ ఇట్’ అన్న వాక్యంలో తప్పేముంది?

జవాబు: వ్యాకరణంలో తప్పు లేదు, అర్థం పొసగదు. ‘డబ్బు ఇస్తే తీసుకోలేదు’ అని మనం సహజంగా అంటాము; తెలుగులో ఇవ్వడం అంటే చెయ్యి చాచడం కూడా కావచ్చు. ఇంగ్లిషులో ‘గేవ్’ అన్నాక వస్తువు అవతలివారి చేతికి చేరిపోయినట్టే లెక్క. చేరకముందు వాడవలసిన మాట ‘ఆఫర్డ్’. ‘దే గేవ్ మి ఎ జాబ్’ అంటే మీరు ఉద్యోగంలో చేరారనే వింటారు. ఒప్పుకోవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తుంటే ‘దే ఆఫర్డ్ మి ఎ జాబ్’ అనాలి. ‘లెండ్’, ‘బారో’ల మధ్య తికమకకూ మూలం ఇటువంటిదే. అప్పు అనే ఒక్క మాటకు ఇవ్వడం, తీసుకోవడం చేర్చి మనం రెండు పనులూ చెబుతాము. ఇంగ్లిషులో ఇచ్చేవారికి ‘లెండ్’, తీసుకునేవారికి ‘బారో’ అని వేరు క్రియలున్నాయి. అందుచేత ‘బారో మీ యువర్ పెన్’ అన్నది కుదరదు.

ప్రశ్న: సహోద్యోగి ఒకరు ‘కెన్ యు గివ్ మీ ఎ హ్యాండ్?’ అని అడిగితే నాకు నవ్వు వచ్చింది. చెయ్యి ఇవ్వడమేమిటి?

జవాబు: మీకు నవ్వు రావడం న్యాయమే. మన వాడుకలో చెయ్యిచ్చినవాడు నమ్మించి మోసం చేసినవాడు, ఇంగ్లిషులో సాయపడినవాడు. అందులోనే ఒక వేదికమీద ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే చప్పట్లు కొట్టమని. ఇటువంటి చోట్ల ‘గివ్’ అసలు ఇవ్వడమే కాదు, పక్కనున్న నామవాచకాన్ని క్రియగా నడిపించే ఊతం మాత్రమే: ‘గివ్ ఇట్ ఎ ట్రై’ అంటే ప్రయత్నించు, ‘గివ్ హిమ్ ఎ కాల్’ అంటే ఫోన్ చెయ్యి. వీటిలో పుచ్చుకునేది ముందే రావాలి. ‘గివ్ ఎ ట్రై టు ఇట్’ అని ఎవరూ అనరు. మాట ఇవ్వడం ఒకటి రెండు భాషల్లోనూ కలిసింది: ‘హి గేవ్ మి హిజ్ వర్డ్’. ఇక్కడ ‘వర్డ్’ ఏకవచనంలోనే ఉండాలి.

పరీక్ష దగ్గర జాగ్రత్త పడండి. ‘ఐ గేవ్ ఎన్ ఎగ్జామ్’ అన్నది మన దేశంలో చెల్లుతున్నా, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ విన్నవారు మిమ్మల్ని ఉపాధ్యాయులనుకుంటారు. అక్కడ పరీక్ష ‘గివ్’ చేసేది పెట్టేవారు. రాసేవారు దాన్ని ‘టేక్’ చేస్తారు, బ్రిటన్‌లో ‘సిట్’ అని కూడా అంటారు.