కాలిఫోర్నియా సంతలో కోనసీమ కూరగాయల బల్ల

సందేహం: మాది రావులపాలెం దగ్గర లంక గ్రామం. మా ఆడపడుచు ఎన్నో ఏళ్ల కిందట పెట్టిన స్పాన్సర్‌షిప్ ఇన్నాళ్లకు తెమిలింది. మాకు గ్రీన్‌కార్డు వీసాలు వచ్చాయి. వచ్చే నెల ప్రయాణం. వాళ్లకు ఫ్రెస్నో వైపు కొంత పొలం ఉంది. వంగ, బెండ, గోంగూర, సొర అక్కడా వేసి ఫార్మర్స్ మార్కెట్‌లో అమ్మమంటున్నారు. సేద్యం మాకు కొత్త కాదు. కానీ సరుకు వ్యానెక్కించి పంపడమే తప్ప, ఎదురుగా నిలబడి అమ్మిన అలవాటు లేదు. అక్కడ బల్ల చూడముచ్చటగా సర్దాలంటే ఏమేం కొనుక్కోవాలి?

జవాబు: చెల్లీ, నేనూ ఆ నీళ్లు తాగి పెరిగినదాన్నే. మాది అంబాజీపేట. చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలో శనివారం సంతలో బల్ల వేస్తున్నాను. ఇప్పుడు అమ్మ దగ్గరికి వచ్చి ఉన్నాను కాబట్టి రెండు చోట్ల సంగతీ కళ్లముందు పెట్టుకునే రాస్తున్నాను.

కొనాల్సింది తక్కువే. రాయాల్సింది ఎక్కువ. అమలాపురం మార్కెట్‌లో టమాటా పోగు ముందు ధర రాసి ఉండదు. కొనేవాళ్లు వంగి "ఎంతమ్మా?" అంటారు, అక్కడి నుంచి బేరం నడుస్తుంది. అమెరికాలో చాలామంది ఆ మాట అడగరు. అడిగి కొనకపోతే బాగుండదేమోనని మొహమాటం. ధర కనబడకపోతే నవ్వి, తల ఊపి, పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతారు. మీ వంకాయ ఎంత నిగనిగలాడినా అంతే. 1999లో మన దగ్గర రైతుబజార్లు వచ్చినప్పుడు ధరల బోర్డు ఎంత ముఖ్యమైందో గుర్తుంది కదా, అక్కడ ప్రతి బుట్టకూ అలాంటి బోర్డు ఒకటి కావాలి.

బోర్డు మీద మూడే ఉండాలి: పేరు, ధర, ఎలా వండాలో ఒక్క ముక్క. అక్షరాలు నాలుగడుగుల దూరం నుంచి చదివేంత పెద్దవిగా, చేత్తో రాసినవైనా సరే, శుభ్రంగా ఉండాలి. గోంగూర బోర్డు మీద "పుల్లటి ఆకు, పప్పులో గానీ మాంసంలో గానీ వేసి వండండి" అని ఇంగ్లీషులో రాసిపెట్టండి. ఆ ఒక్క వాక్యం చదివి కట్ట తీసుకున్నవాళ్లు మళ్లీ వారం వచ్చి ఎలా కుదిరిందో చెబుతారు. మనవాళ్లే కొంటారని మాత్రం అనుకోవద్దు. గోంగూర బర్మావాళ్లకు ప్రాణం. సొరకాయ ఫిలిప్పీన్స్‌వాళ్లూ పంజాబీలూ వెతుక్కుని కొంటారు. వాళ్లు ఆ కూరను ఏమని పిలుస్తారో అడిగి ఆ పేరు కూడా బోర్డు మీద చేర్చండి.

ఇక సర్దడం. సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లు కట్టినట్టే బల్లను కట్టాలి. వెనక ఎత్తు, ముందు పల్లం, అన్నీ ఒక్క చూపుకు అందాలి. బల్ల మీద చదునుగా పరిస్తే ముందు వరస తప్ప ఏదీ కనబడదు. చెక్కపెట్టెలు బోర్లించి మెట్లు చేయండి, వాటి మీద బుట్టలు ముందుకు కాస్త వాలేలా పెట్టండి. బుట్ట నిండుగా కనిపించాలంటే అడుగున మడిచిన గుడ్డ వేసి పైన రెండు మూడు వరసలు చాలు. బరువుకు కింది కాయలు నలగవు, తరిగేకొద్దీ నింపుకోవచ్చు. అడుగంటిన బుట్టలో మిగిలిన నాలుగు కాయలను ఎవరూ ముట్టుకోరు. అందుకే చిన్న బుట్టలు తీసుకోండి. సరుకు తగ్గేకొద్దీ ఇంకా చిన్నదాంట్లోకి మార్చి, మధ్యాహ్నానికి బల్ల కుదించి దగ్గరగా చేసెయ్యండి. ఒక్క సొరకాయ మిగిలినా అది నిలబడి కనిపించాలి.

రంగులు కలగలపాలి. బెండ, సొర, గోంగూర పక్కపక్కన పెడితే మొత్తం పచ్చటి ముద్దలా ఉంటుంది. మధ్యలో ఊదా వంకాయ, ఎర్ర మిరప పెడితే దేనికది విడిగా కనబడుతుంది. రావులపాలెం యార్డులో గెలలు ఏ రకానికారకం వరసకట్టి పెడతారు చూడండి, కర్పూర ఎక్కడో చక్కెరకేళి ఎక్కడో గేటు దగ్గరి నుంచే తెలుస్తుంది. బయల్దేరేలోపు ఒక ఉదయం వెళ్లి ఆ కళ్లతో మళ్లీ చూసి రండి.

గుడారం పది అడుగులకు పది అడుగులది, తెల్లదే కొనండి. ఎర్ర గుడారం, నీలం గుడారం కింద ఆకుకూర రంగు మారి వాడిపోయినట్టు కనిపిస్తుంది. కాళ్లకు బరువులు తప్పనిసరి. ఒక్కో కాలికి 24 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు కడితే మంచిది. గాలికి గుడారం లేస్తే ఎవరికైనా దెబ్బ తగులుతుంది, దీని దగ్గర పొదుపు పనికిరాదు. బల్ల మీదికి గుడ్డ మాత్రం అక్కడ కొనకండి. బండారులంక నేత చీర ఒకటి, ముదురు రంగుది, పట్టుకెళ్లండి. ముందువైపు నేల దాకా జారవిడిస్తే కింద దాచిన పెట్టెలు కనబడవు. అలా దాచిన సరుకు కూడా నేలకు ఆనకూడదు, కనీసం ఆరు అంగుళాల ఎత్తున ఉండాలని కాలిఫోర్నియా నిబంధన.

ఫ్రెస్నోలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. మన ఎండలు చూసినవాళ్లు భయపడక్కర్లేదు గానీ, అక్కడ గాలిలో తేమ ఉండదు, ఆకు గంటలో వాలిపోతుంది. ఉదయం ఎండ ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుని గోంగూరను నీడ పక్కన పెట్టండి. ఇక్కడ తడి గోనెపట్టా కప్పినట్టే అక్కడ తడిగుడ్డ కప్పి, కొన్ని కట్టలు మాత్రమే పైన ఉంచి, మిగతావి ఐస్ పెట్టెలో దాచండి. బెండ మీద మాత్రం నీళ్లు చల్లకండి, నల్ల మచ్చలు పడి జిగురెక్కుతుంది. వంకాయను పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

చట్టం అడిగే కాగితాలూ బల్ల అలంకారంలో భాగమే అనుకోండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) అగ్రికల్చరల్ కమిషనర్ ఆఫీసు మీ పొలం చూసి సర్టిఫైడ్ ప్రొడ్యూసర్ సర్టిఫికెట్ ఇస్తుంది. అందులో రాసి ఉన్న పంటలే అమ్మాలి, దాన్ని అందరికీ కనబడేలా తగిలించాలి. పొలం పేరు, కౌంటీ పేరు, "మేం పండించిందే అమ్ముతాం" అనే అర్థం వచ్చే మాట ఉన్న బోర్డు 2015 నుంచి తప్పనిసరి. ఇది నాకు చాలా ఇష్టమైన నియమం. దాన్ని మూలన పెట్టకుండా గుడారం నెత్తిన పెద్దగా కట్టండి. కాటాకు కౌంటీ ముద్ర ఉండాలి. మొదట్లో కట్ట లెక్కన, కాయ లెక్కన అమ్మితే ఆ టెన్షన్ ఉండదు. మార్కెట్‌లో ఈబీటీ, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే కార్డు, తీసుకునే ఏర్పాటు ఉంటే ఆ బోర్డు కూడా పెట్టండి. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఆ గుర్తు చూసే దగ్గరికి వస్తారు.

బల్ల మీద పెట్టకూడనివీ ఉన్నాయి. రిజిస్టర్ చేసుకోకుండా "ఆర్గానిక్" అని రాయకండి, మందు కొట్టని పంటైనా సరే. ఆవకాయ, గోంగూర పచ్చడి ఇంట్లో పెట్టి తెచ్చి అమ్మడం కుదరదు. ఇంటి వంటల అమ్మకానికి 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం పచ్చళ్లకు వర్తించదు. కరివేపాకు సంగతి మరీ జాగ్రత్త. నిమ్మజాతి చెట్లను చంపే తెగులు 2012లో ఆ రాష్ట్రంలో బయటపడింది, దాన్ని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే మొక్కలనూ ఆకునూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడానికి ఆంక్షలున్నాయి, కౌంటీవాళ్లను అడిగాకే వేయండి. ఇక్కడి నుంచి విత్తనాలు పెట్టెలో వేసుకుని వెళ్లొద్దు. పర్మిట్, తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా కస్టమ్స్‌లో వదలరు.

ఇది చదివే హెచ్1బీ పిల్లలకు ఒక మాట: మీకు మీ కంపెనీ ఉద్యోగం ఒక్కటే అనుమతి. వారాంతంలో బల్ల వేయడం కూడా పనే అవుతుంది. వాళ్ల వెంట హెచ్4 వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ లేని భార్యకో భర్తకో కూడా అంతే. లాయరును అడగకుండా దిగకండి.

చెల్లీ, ఫ్రెస్నో చుట్టూ హ్మాంగ్ రైతులు (లావోస్ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు) వంగ, కాకర, పొడుగు బొబ్బరకాయలు బ్రహ్మాండంగా పండిస్తారు, వాళ్ల బల్లలు చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అందుకే నారు పోయకముందే మార్కెట్ మేనేజర్‌ను కలవండి. చాలా మార్కెట్లు ఒకే పంటకు ఎక్కువమందిని తీసుకోవు. ఏది లేదో కనుక్కుని, గోంగూర లేకపోతే గోంగూరతోనే దరఖాస్తు పెట్టండి.