ప్రశ్న – సమాధానం: ఖమ్మం నుంచి బ్యాంకాక్ బడికి

ప్రశ్న: నేను ఎం.ఏ. ఇంగ్లిష్, బీఎడ్ చేసి నాలుగేళ్లుగా ఇక్కడి ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లిష్ చెబుతున్నాను. మే నెల నుంచి బ్యాంకాక్‌లోని ఒక బడిలో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ వారు చెబుతున్నారు. ముందు పర్యాటకురాలిగా వచ్చి పనిలో చేరండి, వీసా సంగతి తరువాత చూద్దాం అంటున్నారు. నేను శాకాహారిని, ఒంటరిగా ఉండాలి, థాయ్ భాష ఒక్క ముక్క రాదు. అన్నిటికంటే ఎక్కువగా నన్ను వేధిస్తున్న సందేహం ఒకటుంది. నా ఇంగ్లిష్‌లో తెలుగు యాస స్పష్టంగా వినిపిస్తుంది. అక్కడి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను ఇంగ్లిష్ టీచరుగా ఒప్పుకుంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ చివరి సందేహానికే ఎక్కువ చోటు ఇవ్వాలని ఉంది. అయితే ముందు ఏజెన్సీ వారి మాట సంగతి తేలాలి.

పర్యాటకురాలిగా వెళ్లి పాఠం చెప్పడం థాయ్‌లాండ్‌లో చట్టవిరుద్ధం. పట్టుబడితే చిక్కుల్లో పడేది మీరే, ఏజెన్సీ కాదు. మీకు కావలసింది నాన్ ఇమిగ్రెంట్ ‘బీ’ వీసా. దానికి మిమ్మల్ని తీసుకుంటున్నామని బడి ఇచ్చే పత్రాలు కావాలి. ఆ వీసాతో మొదట 90 రోజులు ఉండనిస్తారు. ఈలోగా బడి మీకు వర్క్ పర్మిట్ తెప్పించి, మీ గడువును ఏడాదికి పొడిగింపజేయాలి. వర్క్ పర్మిట్ ఏ బడి పేరున ఉంటే ఆ బడిలోనే పని చేయాలి. ఉపాధ్యాయుల లైసెన్సు వ్యవహారం చూసే సంస్థను అక్కడ ‘ఖురుసఫా’ అంటారు. మన ‘గురుసభ’యే థాయ్ నోట అలా మారింది. విదేశీ టీచర్లకు సాధారణంగా మొదట రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇస్తారు. మీకు బీఎడ్ ఉండటం ఆ తరువాతి మెట్టుకు నిజమైన బలం.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. విశ్వవిద్యాలయం నుంచి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తెచ్చుకోవడం, దానిని రాష్ట్ర స్థాయిలోనూ విదేశాంగ శాఖలోనూ ధ్రువీకరింపజేయడం, పాస్‌పోర్టు కార్యాలయం నుంచి పోలీసు క్లియరెన్సు తీసుకోవడం, వీటన్నిటికీ వారాలు పడుతుంది. అక్కడి విద్యాసంవత్సరం మే మధ్యలో మొదలై మార్చిలో ముగుస్తుంది కాబట్టి ఈ పనులు సంక్రాంతి నాటికే మొదలైతే మంచిది. కాంట్రాక్టు పన్నెండు నెలలకా, పది నెలలకా అన్నది తప్పక చూడండి. పది నెలలదైతే వేసవి సెలవుల్లో జీతం ఉండదు, ఇంటి అద్దె మాత్రం ఆగదు. కాగితాలపై 2568 వంటి సంవత్సరం కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది బౌద్ధ శకం, అందులోంచి 543 తీసేస్తే మన లెక్క వస్తుంది.

నేను చేసిన పొరపాటు ఒకటి మీకు చెప్పి తీరాలి. అక్కడి బడిలో టీచరుగా నా రెండో ఏడాది, అక్టోబరు సెలవుల్లో దసరాకని ఇంటికి వచ్చాను. పాస్‌పోర్టులో ఏడాది గడువు ముద్ర ఉంది కదా అన్న ధీమాతో రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోలేదు, బడి కార్యాలయం వారూ గుర్తు చేయలేదు. ఆ పర్మిట్ లేకుండా దేశం దాటితే పొడిగించిన గడువు మొత్తం రద్దవుతుందని తిరుగు ప్రయాణంలో గానీ నాకు తెలియలేదు. మళ్లీ మొదటి నుంచి వీసాకు దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది. రెండో టర్మ్ మొదలయ్యాక మూడు వారాలు నా తరగతి టీచరు లేకుండా ఉండిపోయింది. ఒక్కసారికి వెయ్యి బాట్లు కట్టి ఉంటే తప్పిపోయే కష్టం అది. టికెట్టు కొన్న రోజే ఆ పర్మిట్ కూడా తీసుకోండి. దేశంలోనే ఉంటే 90 రోజులకోసారి ఇమిగ్రేషన్ వారికి చిరునామా తెలియజేయాలన్నది కూడా క్యాలెండరులో రాసి పెట్టుకోండి.

ఇల్లు బడికి దగ్గరలో చూసుకోండి. అక్కడ ఉదయం ఎనిమిదింటికి జెండా వందనం, టీచర్లు అంతకు ముందే గేటు దగ్గర నిలబడి ఉండాలి. వానాకాలంలో బ్యాంకాక్ రోడ్లపై నాలుగు కిలోమీటర్లకు గంట పట్టిన రోజులు నాకు చాలానే ఉన్నాయి. స్కైట్రైన్ స్టేషన్ పక్కన ఉండాలన్న మోజుతో ఎక్కువ అద్దె కట్టడం కంటే, బడికి నడిచి వెళ్లగలిగే చోట చిన్న గది మేలని నా అభిప్రాయం. సాధారణంగా రెండు నెలల డిపాజిట్టు, ఒక నెల అడ్వాన్సు అడుగుతారు. కరెంటు యూనిట్‌కు ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి. మీరు అద్దెకు దిగినట్లు ఇమిగ్రేషన్‌కు తెలియజేయవలసినది ఇంటి యజమాని. ఆ రసీదు తరువాతి పనులకు అడుగుతారు కాబట్టి, ఇస్తానని ఒప్పుకున్న తరువాతే డబ్బు కట్టండి.

భోజనం గురించి మీరు భయపడుతున్నంత లేదు. అయితే ‘కూరగాయలే’ అని చెప్పినంత మాత్రాన సరిపోదు, అందులోనూ చేపల సాస్ పడుతుంది. ‘జే’ అన్న మాట నేర్చుకోండి. పసుపు గుడ్డపై ఎర్రని అక్షరాలతో ఆ మాట రాసి ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. పప్పులు, పోపు సామాన్లు బ్యాంకాక్‌లోని మనవాళ్ల బజారు పాహురత్‌లో దొరుకుతాయి.

ఇక మీ యాస సంగతి. ప్రకటనల్లో ‘నేటివ్ స్పీకర్’ అన్న మాట మీకు కనిపిస్తుంది. దాని పేరుతో మనవాళ్లకు తక్కువ జీతం చెప్పే చోట్లూ ఉన్నాయి. మన నుంచి ఐఈఎల్‌టీఎస్ లేదా టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా అడుగుతారు. అది అన్యాయమని నాకు ఇప్పటికీ కోపమే, అయినా ఆ పరీక్ష రాసి స్కోరు చేతిలో పెట్టుకోండి. తరగతి గదిలో మాత్రం పరిస్థితి వేరు. థాయ్ పిల్లలు పదం చివరి హల్లును మింగేస్తారు. వాళ్ల నోట ‘హౌస్’ ‘హౌట్’ అవుతుంది, ‘ఫుట్‌బాల్’ ‘ఫుట్‌బాన్’ అవుతుంది. మనమేమో చివర ఉకారం తగిలించి బస్సు, కారు అంటాం. పదం ఎక్కడ, ఎలా ముగుస్తుందన్నది మనం కష్టపడి నేర్చుకున్న విషయం. అందుకే వాళ్ల తప్పు ఎక్కడ పుడుతోందో మన చెవికి తెలుస్తుంది. ‘ఎ’, ‘ద’ అన్న చిన్న మాటలు తెలుగులోనూ లేవు, థాయ్‌లోనూ లేవు. అవి ఎక్కడ వాడాలో మీరు ఏ దారిన నేర్చుకున్నారో ఆ దారినే పిల్లలకు చూపించండి. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చిన నా తోటి టీచరు ఒకాయన ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా పిల్లల్ని నా బల్ల దగ్గరికి పంపేవారు.

థాయ్ నేర్చుకోవడంలోనూ మీకు ఒక సౌలభ్యం ఉంది. ఆ భాషలో ‘కై’ అంటే కోడి, ‘ఖై’ అంటే గుడ్డు. రెంటికీ స్వరం, అంటే గొంతు ఎత్తుపల్లం, ఒకటే, తేడా అంతా ఒత్తులోనే ఉంది. నా తోటి ఇంగ్లిష్ టీచర్లు ఏళ్ల తరబడి తికమకపడిన ఆ రెండు మాటలను, క, ఖ దిద్దుకున్న మీరు మొదటి రోజే సరిగ్గా పలుకుతారు. అయిదు స్వరాలను పట్టుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ప్రతి వాక్యం చివర ‘ఖా’ అనడం ఆడవారికి మర్యాద.

ఒక్క అలవాటు మార్చుకోవాలి. బాగా చదివిన పిల్లవాడి తల నిమరడం మనకు ఆశీస్సు, అక్కడ తల పవిత్రం, దానిని తాకరు. మొదటి నెలలో ఒక పిల్లవాడి తలపై నా చేయి పడబోతుండగా పక్కనున్న థాయ్ టీచరు మెల్లగా నా మణికట్టు పట్టుకుని ఆపింది. అదే పిల్లవాడు జూన్‌లో ఒక గురువారం, ‘వై ఖ్రూ’ అనే గురువందనం రోజున, మోకాళ్ల మీద వచ్చి నా ముందు పూల పళ్లెం ఉంచాడు. అందులో నూరువరహాల పూలు, వంకాయ పూలు, పేలాలు, గరిక ఉన్నాయి. గరికను చూడగానే నాకు వినాయక చవితి పీట గుర్తొచ్చింది. మీరు మేలో చేరితే నెల తిరిగేసరికి ఆ రోజు వస్తుంది. అప్పుడు కుర్చీలో కూర్చునే రెండు చేతులా పళ్లెం అందుకోవాలి.

ఏజెన్సీకి ఈ వారమే జవాబు రాయండి. బడి పేరు, జీతంతో కూడిన పన్నెండు నెలల కాంట్రాక్టు, ‘బీ’ వీసాకు బడి ఇచ్చే పత్రాలు, ఈ మూడూ అందాకే టికెట్టు కొంటానని స్పష్టంగా చెప్పండి. పదిహేను రోజుల్లో అవి రాకపోతే వాళ్లను వదిలేసి, నేరుగా బడులకే దరఖాస్తులు పంపండి. మీ అర్హతలకు అది చాలు.