సైంధవుడు, శల్యుడు, ముసలం: తెలుగు పేపర్ చదవడానికి పురాణాలన్నీ చదవాలా?

మీరు అడిగింది ఇదీ: చదువంతా ఇంగ్లిష్ మీడియంలో సాగింది, ఇప్పుడు పోటీ పరీక్షల కోసం రోజూ తెలుగు పేపర్ తిరగేస్తున్నారు. వార్త అర్థమవుతోంది కానీ 'శల్య సారథ్యం', 'పార్టీలో ముసలం', 'సైంధవ పాత్ర', 'త్రిశంకు సభ' లాంటివి తగిలినప్పుడల్లా బండి ఆగిపోతోంది. వీటి కోసం భారత రామాయణాలు మొత్తం చదవాలా, దగ్గరి దారి ఏమైనా ఉందా, ఈ మాటలు మీరూ రాయొచ్చా అని.

మొత్తం చదవక్కర్లేదు. నేను చాలాకాలం ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఈ మాటలు దిద్దడం, పెట్టడం, తీసేయడం రోజువారీ పని. పేపర్ వాడుకునేది పాత్ర మొత్తాన్ని కాదు, ఆ పాత్ర జీవితంలో ఒక్క ఘట్టాన్ని. ఆ ఘట్టం పట్టుకుంటే మాట మీకు వచ్చినట్టే. అది ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ నప్పదో కూడా ఆ ఘట్టమే చెబుతుంది.

అసలు పేపర్లకు ఇవంటే ఎందుకంత ఇష్టమో ముందు చెబుతాను. భాషాభిమానం కొంత, చోటు లేకపోవడం ఎక్కువ. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో లైనుకు రెండు మాటలు పడితే గొప్ప. 'తమ పక్షాన ఉంటూనే సొంత అభ్యర్థి ధైర్యాన్ని దెబ్బతీస్తున్న నాయకుడు' అని అక్కడ ఎలా రాస్తాం? 'శల్య సారథ్యం' అంటే పనైపోయింది. శల్యుడు మద్ర దేశపు రాజు, నకుల సహదేవులకు మేనమామ. పాండవుల వైపు యుద్ధం చేద్దామని బయలుదేరితే, దారి పొడవునా దుర్యోధనుడు విడిదులు కట్టించి, ఎవరి మర్యాదో తెలియకుండా మర్యాదలు చేయించి, చివరికి తన పక్షాన యుద్ధం చేసేలా మాట తీసుకున్నాడు. ధర్మరాజు ఆ సంగతి విని ఇంకో మాట తీసుకున్నాడు: కర్ణుడికి సారథ్యం చేయాల్సి వస్తే అతని ఉత్సాహం మీద నీళ్లు చల్లమని. శల్యుడు ఆ పని శ్రద్ధగా చేశాడు. రథం తోలుతూనే, హంసతో పందెం కాసి సముద్రం మీద రెక్కలాడక మునిగిపోబోయిన కాకి కథ చెప్పి కర్ణుణ్ణి ఎద్దేవా చేశాడు. కాబట్టి శల్య సారథ్యం అంటే వట్టి వెన్నుపోటు కాదు. పగ్గాలు చేతిలో ఉన్నవాడే నోటితో నీరుగార్చడం. రాత్రికి రాత్రి పార్టీ మారినవాడికి ఈ మాట నప్పదు. పార్టీలోనే ఉండి, ప్రచార సభలోనే 'గెలుపు కష్టమే' అన్నవాడికి సరిగ్గా నప్పుతుంది.

సైంధవుడి సంగతికి వద్దాం. మా డెస్కుకు మండలాల నుంచి వచ్చే ఐటమ్స్‌లో ఈయనకు గిరాకీ ఎక్కువ. ఎవరు దేనికి అడ్డుపడినా సైంధవుడే. ఒకసారి ఒక కంట్రిబ్యూటర్ రోడ్డు విస్తరణ గురించి ఐటమ్ పంపుతూ 'సైంధవ పాత్ర పోషిస్తున్న విద్యుత్ స్తంభం' అని రాశాడు. రోడ్డు వెడల్పు చేశారు కానీ స్తంభం మధ్యలోనే ఉండిపోయింది, అదీ వార్త. మా ఇన్‌ఛార్జి చదివి, "ఆ స్తంభం శివుడి కోసం తపస్సు ఏమైనా చేసిందేమో కనుక్కోవయ్యా" అన్నారు. డెస్కంతా నవ్వు.

ఆ జోకు అర్థం కావాలంటే కథ కావాలి. సింధు దేశపు రాజు జయద్రథుడే సైంధవుడు, దుర్యోధనుడి చెల్లెలు దుస్సల భర్త. అరణ్యవాసంలో ద్రౌపదిని ఎత్తుకుపోబోతే భీముడు పట్టుకుని తల గొరిగి అయిదు శిఖలు మిగిల్చి వదిలేశాడు. ఆ అవమానంతో శివుడి కోసం తపస్సు చేస్తే, అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురు పాండవులను ఒక్క రోజు నిలువరించగలిగే వరం దొరికింది. ఆ ఒక్క రోజూ యుద్ధంలో పదమూడో రోజు. అభిమన్యుడు పద్మవ్యూహం ఛేదించుకుని లోపలికి పోయాడు, వెనకే రావాల్సిన నలుగురినీ సైంధవుడు ద్వారం దగ్గరే ఆపేశాడు. అంటే లోపలికి వెళ్లినవాడికి సాయం అందకుండా చేసినవాడు సైంధవుడు. పాతకక్ష, ఒక పూట చేతికొచ్చిన అధికారం, అవతలివాడి ప్రాణానికి ముప్పు, ఈ మూడూ ఆ మాటలో ఉన్నాయి. ఫైలు తొక్కిపెట్టిన అధికారికి అది బాగానే సరిపోతుంది. స్తంభానికి ఎక్కువ. ఆ ఐటమ్‌లో చివరికి 'రోడ్డుకు అడ్డంగా స్తంభం' అనే పెట్టాం.

ముసలం గురించి చాలామంది కుర్రాళ్లకు ఉన్న అనుమానం, ఇది 'ముసలి'కి సంబంధించిందేమోనని. కాదు, ముసలం అంటే రోకలి. కురుక్షేత్రం అయిన ముప్పై ఆరేళ్లకు, యాదవ కుర్రాళ్లు కృష్ణుడి కొడుకు సాంబుడికి చీర కట్టి, గర్భిణిలా వేషం వేసి, వచ్చిన మునులను 'ఈమెకు పుట్టేది ఎవరు?' అని ఆటపట్టించారు. మునులు 'ముసలం పుడుతుంది, మీ వంశాన్ని నాశనం చేస్తుంది' అన్నారు. అన్నట్టే ఇనుప రోకలి పుట్టింది. భయపడి దాన్ని పొడి చేయించి సముద్రంలో కలిపారు. తర్వాత ప్రభాస తీర్థంలో తాగి, ఒకరినొకరు ఎత్తిపొడుచుకుని, కొట్లాట మొదలయ్యాక చేతికందిన తుంగ పీకితే ప్రతి పోచా ముసలమైంది. దాంతోనే ఒకరినొకరు చంపుకున్నారు. 'పార్టీలో ముసలం' అన్నప్పుడు బయటి శత్రువు ప్రసక్తే లేదు, గమనించండి. ప్రత్యర్థి పార్టీ దాడి చేస్తే అది ముసలం కాదు. టికెట్ రానివాళ్లు సొంత ఆఫీసులో కుర్చీలు విరగ్గొడితే అది అచ్చమైన ముసలం.

త్రిశంకు మీకు తెలిసే ఉంటుంది. బొందితో స్వర్గానికి పోవాలన్న ఇక్ష్వాకు రాజు, పంపిన విశ్వామిత్రుడు, తోసేసిన ఇంద్రుడు, చివరికి తలకిందులుగా ఆకాశంలో ఆగిపోవడం. ఎవరికీ మెజారిటీ రాకపోతే త్రిశంకు సభ. కాంట్రాక్టు లెక్చరర్ల రెగ్యులరైజేషన్ నానితే వాళ్లు 'త్రిశంకు స్వర్గం'లో ఉన్నట్టు. నా ఉద్దేశంలో రెండోదే కథకు దగ్గర, ఎందుకంటే అక్కడ ఒకరు హామీ ఇచ్చి పైకి పంపారు.

ఇవి పెద్ద మాటలు, కళ్లకు కనిపిస్తాయి. కనిపించకుండా తిరిగేవి ఇంతకంటే ఎక్కువ, మీరు చదివేస్తున్నారు కూడా. ఎండాకాలం వస్తే డెస్కుకు గడ్డివాములు కాలిన వార్తలు వరసపెట్టి వస్తాయి. ప్రతిదానికీ హెడ్డింగ్ 'అగ్నికి ఆహుతి'. ఆహుతి అంటే యజ్ఞంలో మంత్రం చదువుతూ అగ్నిలో వేసే నెయ్యి, హవిస్సు. పేదవాడి గుడిసె షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోతే దాన్ని దేవతలకు సమర్పించినట్టు రాస్తున్నామని ఎవరికీ తట్టదు. నాకు ఆ హెడ్డింగ్ ఎప్పుడూ నచ్చలేదు, వీలైనప్పుడల్లా 'దగ్ధం' పెట్టేవాణ్ణి. అది మాత్రం ఏమంత గొప్ప, కానీ నిజానికి దగ్గర. గుంతల రోడ్డుకు 'మోక్షమెప్పుడో?', ఆగిపోయిన వంతెనకు 'గ్రహణం', వేలాడే కరెంటు తీగలు 'యమపాశాలు'. పన్నెండేళ్లుగా నలుగుతున్న పనికి 'పుష్కరకాలంగా పెండింగ్'. గురుడు రాశిచక్రం తిరిగి అదే రాశికి రావడానికి సుమారు పన్నెండేళ్లు, అప్పుడొచ్చేది నదికి పుష్కరం. గోదావరికి 2015లో, కృష్ణకు 2016లో వచ్చాయి. దశాబ్దంలాగే పుష్కరమూ మనకు కాలం కొలిచే మాట అయిపోయింది.

ప్రభుత్వాలకూ ఈ పెట్టెలోంచే పేర్లు. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో సాగునీటి ప్రాజెక్టులకు 'జలయజ్ఞం', 2016లో తెలంగాణలో తాగునీటికి 'మిషన్ భగీరథ'. రెండోది బాగా ఆలోచించి పెట్టిన పేరు. సగరుడి కొడుకులు అరవై వేలమంది కపిలుడి కోపానికి బూడిదైతే వాళ్ల కోసం అంశుమంతుడు, దిలీపుడు ప్రయత్నించి పోయారు, భగీరథుడి వల్ల గంగ దిగింది. దిగిన గంగ శివుడి జటలో చిక్కుకుంది, అక్కణ్ణుంచి వదిలితే దారిలో జహ్నుమహర్షి తాగేశాడు. ప్రతి మలుపులోనూ ఒకరి దగ్గర ఆగిపోవడం, మళ్లీ బతిమాలుకోవడం. గవర్నమెంటు ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి 'భగీరథ ప్రయత్నం' విడమరచి చెప్పక్కర్లేదు.

మీ జాబితాలో పల్లె మాటలు లేవు. పుస్తకంలో దొరకవు కాబట్టి వాటిని ఎవరూ పురాణం కింద లెక్కేయరు. 'సోది ఆపరా' అంటాం కదా, ఆ సోది ఎరుకలసాని చెప్పే జోస్యం. మా చిన్నప్పుడు ప్రకాశం జిల్లాలో మా వీధిలోకి బుట్ట చంకన పెట్టుకుని 'సోదె చెబుతానమ్మ సోదె' అంటూ వచ్చేది. మా నాయనమ్మ చేటలో బియ్యం తెచ్చి అరుగు మీద కూర్చుంటే, ఆమె చిన్న కర్ర అరచేతికి తాకించి, దేవతల పేర్లన్నీ వరసగా పిలిచి, అప్పుడు మొదలుపెట్టేది. చెప్పిన ముక్కే తిప్పి తిప్పి చెప్పేది. మా నాయనమ్మ ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా వినేది. అదే మాట ఇప్పుడు విసుగుకు పేరైంది. కోపంతో ఊగిపోతే శివాలెత్తాడంటాం, ఫ్యాన్స్ థియేటర్లో గెంతితే పూనకాలంటాం. చికెన్‌పాక్స్‌ను డాక్టర్లూ ఆటలమ్మ అనే అంటారు, వ్యాధి పేరులోనే అమ్మవారు ఉంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు హాస్యగాడు, వేళాకోళంగా మాట్లాడేవాణ్ణి ఇప్పటికీ మా వైపు 'కేతిగాడు' అనే పిలుస్తారు.

ఇక్కడ ఒక సంగతి. బాగా వాడుకలో ఉన్న కొన్ని మాటలు వెతికితే మూలంలో దొరకవు. లక్ష్మణ రేఖ వాల్మీకి రామాయణంలో లేదు. వారధికి ఇసుక మోసిన ఉడుత కూడా అందులో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర ఆడవాళ్ల పాటల్లో బతికింది. ఎప్పటికీ ఆరని రావణకాష్ఠమూ జనం నోట పెరిగిందే. 'ఇది ఒరిజినల్‌లో లేదు, కాబట్టి తప్పు' అని ఎవరైనా వాదిస్తే పట్టించుకోకండి. మాటను నిలబెట్టింది హరికథలు, తోలుబొమ్మలు, రాత్రిళ్లు చదివిన పద్యాలు. వాన రాకపోతే ఊళ్లో విరాటపర్వం చదివించడం నేను చూశాను. విరాటరాజు కొడుకు ఉత్తరకుమారుడు యుద్ధానికి పోతూ అంతఃపురంలో గొప్పలు కొట్టడం, కౌరవుల నుంచి బొమ్మపొత్తికలు, అంటే బొమ్మలకు కట్టే గుడ్డలు, తెమ్మని ఆడపిల్లలు అడగడం, తీరా సైన్యం చూసి రథం దిగి పరుగెత్తడం వచ్చేసరికి అక్షరం రానివాళ్లు కూడా ముందే నవ్వేవాళ్లు. 'ఉత్తరకుమార ప్రగల్భాలు' వాళ్లకెవరూ నేర్పలేదు.

ఇక మీరు రాయొచ్చా అంటే, రాయండి, రెండు మూడు మినహాయిస్తే. 'శిఖండి' వద్దు. కథలో శిఖండి భీష్ముడి మీద పగతో మళ్లీ పుట్టిన అంబ. పౌరుషానికి తక్కువేం లేదు. వాడుకలో మాత్రం అది పిరికితనానికీ, అంతకంటే ఎక్కువగా ట్రాన్స్‌జెండర్ మనుషులను కించపరచడానికీ మిగిలింది. నా పేజీలో ఆ మాట వస్తే కొట్టేసేవాణ్ణి. 'అష్టావక్రం' కూడా అంతే. జనకుడి సభలో వంది అనే విద్వాంసుణ్ణి వాదంలో ఓడించిన పండితుడి పేరును వంకర రోడ్డుకు పెట్టడం ఏం బాగుంటుంది? మంథర, శూర్పణఖ అయితే ఇంట్లో కోడళ్లను, ఆడపడుచులను తిట్టడానికి తప్ప ఇంకెందుకూ రావట్లేదు.

అందరూ మరిచిపోతున్న ఒక మాట మాత్రం వాడమని సిఫార్సు చేస్తాను: అగస్త్య భ్రాత. అరణ్యకాండలో రాముడు అగస్త్యుడి దగ్గరికి వెళ్లే ముందు ఆయన తమ్ముడి ఆశ్రమంలో ఒక రాత్రి ఉంటాడు. వాల్మీకి ఆ తమ్ముడి పేరు చెప్పడు, అగస్త్యుడి తమ్ముడు అంటాడంతే. సొంత పేరు ఎవరికీ పట్టని, 'ఫలానా వాళ్ల బావమరిది'గానే ఊరంతా తెలిసిన మనుషులు మీకూ ఎదురయ్యే ఉంటారు.

చదవడానికైతే, వచనంలో విరాటపర్వం, ద్రోణపర్వంలో అభిమన్యు వధ నుంచి సైంధవ వధ దాకా, కర్ణపర్వంలో శల్యుడి మాటలు, మౌసలపర్వం, రామాయణంలో బాలకాండ. పేపర్లో తగిలే వాటిలో చాలా వరకు వీటితో తీరిపోతాయి. మౌసలపర్వంతో మొదలుపెట్టండి. చాలా చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది.