ప్రభుత్వాలు విదేశీ శ్రోతల కోసం ప్రసారాలు ఎందుకు నడుపుతాయి?

సంప్రదాయ దౌత్యంలో ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వంతో మాట్లాడుతుంది. ప్రజా దౌత్యంలో నేరుగా ఆ దేశ ప్రజలతోనే మాట్లాడుతుంది. ఇందుకోసమే సోవియట్ యూనియన్ 1929లో రేడియో మాస్కోను, బ్రిటన్ 1932లో బీబీసీ ఎంపైర్ సర్వీసును, అమెరికా 1942లో వాయిస్ ఆఫ్ అమెరికాను ప్రారంభించాయి. పాశ్చాత్య ప్రసారాలు తమ ప్రజలకు వినబడకుండా సోవియట్ ప్రభుత్వం 1980ల చివరి వరకూ వాటిపై అడ్డుధ్వనులు ప్రసారం చేయించిందంటే, వాటికి ఎంత భయపడిందో ఊహించవచ్చు.

అయితే, నా అభిప్రాయంలో ఈ సాధనానికి ప్రాణం విశ్వసనీయతే. 1956లో సోవియట్ ఆధిపత్యంపై హంగరీ తిరుగుబాటు సమయంలో, అమెరికా నిధులతో తూర్పు యూరప్ ప్రజల కోసం నడిచిన రేడియో ఫ్రీ యూరప్ ప్రసారాలు కొన్ని పాశ్చాత్య సహాయం వస్తుందన్న ఆశను బలపరిచాయి. పాశ్చాత్య సైన్యం రాలేదు, ఆ ప్రసారాలపై నమ్మకం తీవ్రంగా దెబ్బతింది. వాయిస్ ఆఫ్ అమెరికా వార్తలు కచ్చితంగా, నిష్పక్షపాతంగా, సమగ్రంగా ఉండాలని అమెరికా 1976లో చట్టమే చేసింది.