ఆమె పేరే రాయించు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. తన బీపీ మాత్రలు, మీ నాన్న మోకాళ్ళు అన్నీ అయ్యాక చివర్లో, "నీ మేనల్లుడు సైట్‌లో ఎవరో ఒడిశా అమ్మాయికి పురుడు పోయించడానికి బయల్దేరాడు. ఆ పిల్లకి ఏ కార్డూ లేదట, మన కోడలి కార్డు పట్టుకెళ్తానంటున్నాడు" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. మంత్రసానివి నువ్వే అయినట్టు చెబుతుంటే ముందు నవ్వొచ్చింది. కార్డు మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, మీ అత్త చేత ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపిస్తున్నాను. నా అక్షరాలు కోడిగీతల్లా ఉంటాయి, పెద్దవి చేసుకుని చదువు. సగంలో ఆపకు.

ఒక మంచి మాట చెప్పి తిట్లలోకి వస్తాను. నువ్వు సూపర్‌వైజర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. కూలీల కడుపులూ కాన్పులూ మనకెందుకని సైట్‌లో ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు. అయినా నువ్వు పట్టించుకున్నావు. ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసినవాణ్ణి, ఇలాంటివి చూసీ చూడనట్టు ఎన్నిసార్లు పక్కకి తప్పుకున్నానో నాకు తెలుసు. నీ వయసులో నాకు ఈ బుద్ధి లేదు. మీ అత్తతో కూడా ఇదే అన్నాను. సరే, ఇక చాలు.

కోడలి కార్డు బయటికి తియ్యకు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. మధురవాడలో మీ సైట్‌కి దగ్గర్లో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రానికి ఆమెను రేపే పంపించు. అక్కడి ఆశా కార్యకర్తని పట్టుకుంటే ఏఎన్ఎం పేరు నమోదు చేసుకుని తల్లీబిడ్డల కార్డు ఇస్తుంది. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గర్భిణులను డాక్టరే చూస్తారు, 2016 నుంచి ఉంది ఆ ఏర్పాటు. నొప్పులొస్తే 108కి ఫోన్ చెయ్యి. వాళ్ళు కార్డు అడగరు, ఎక్కడికి రావాలని అడుగుతారు. కట్టే బిల్డింగ్‌కి డోర్ నంబర్ ఉండదు కదా, ఏ మలుపు, ఏ గుడి పక్కన అని వాచ్‌మన్‌కి ఇప్పుడే నేర్పించి పెట్టు. కాన్పయ్యాక ఇంటి దగ్గర దించడానికి 102 బండి ఉంటుంది.

ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది ఆరోగ్య కేంద్రం వాళ్ళే రాసిస్తారు. అయితే విశాఖ వన్‌టౌన్‌లో ఘోషాసుపత్రి, లేకపోతే కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి. ఘోషాసుపత్రి ఆడవాళ్ళ కోసమే పెట్టింది, బోర్డు మీద విక్టోరియా అని ఉంటుంది. కాంప్లికేషన్ ఏదైనా ఉంటే మాత్రం కేజీహెచ్‌కే పంపుతారు. కోరాపుట్ నుంచీ మల్కన్‌గిరి నుంచీ 1923 నాటి ఆ ఆసుపత్రికి రోజూ వస్తూనే ఉంటారు. ఒడియా మాట వినబడితే అక్కడ ఎవరూ తల తిప్పి చూడరు. "మమ్మల్ని పొమ్మంటారేమో" అని ఆ పిల్ల భయపడుతోందని మీ అమ్మ చెప్పింది. ఎందుకు పొమ్మంటారు? పక్క రాష్ట్రం నుంచి పనికొచ్చింది, దొంగతనానికి కాదు.

నువ్వు కార్డు దగ్గర ఎందుకు తికమకపడ్డావో నాకు అర్థమైంది. వైద్యం వేరు, పథకం వేరు. ఎన్టీఆర్ వైద్య సేవ కావాలంటే మన రాష్ట్రం కార్డు ఉండాలి. కాన్పయ్యాక తల్లికి ఇచ్చే జననీ సురక్ష డబ్బులు పడాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి. కార్డు, కార్డు అని నువ్వు విన్నదంతా వీటి గురించే. సర్కారు ఆసుపత్రిలో కాన్పుకి ఇవేవీ అక్కర్లేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కింద మామూలు కాన్పయినా, ఆపరేషనయినా, మందులూ పరీక్షలూ రక్తమూ అన్నీ ఉచితం. మామూలు కాన్పుకి మూడు రోజులు, ఆపరేషన్‌కి ఏడు రోజులు భోజనం కూడా వాళ్ళదే. అందులో తెల్లకార్డా, గులాబీ కార్డా అనే ప్రశ్నే లేదు. ఆధార్ లేదని వైద్యం ఆపకూడదని 2018లో ఆ ఆధార్ సంస్థే చెప్పింది. కౌంటర్‌లో ఎవరైనా గట్టిగా అడిగితే "లేదండీ" అను. పేరు, వయసు, ఊరు చెప్పు, ఓపీ చీటీ రాస్తారు. పోయిన ఏడాది మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో నేపాలీ వాచ్‌మన్ పెళ్ళానికి మీ అత్తే తోడు వెళ్ళింది. ఆమెకి ఈ దేశం కాగితం ఒక్కటీ లేదు. వెళ్ళారు, చూపించుకున్నారు, మందులు తెచ్చుకున్నారు.

డబ్బులు రాకపోతే రాకపోనీ. వాటి కోసం పేరు మార్చకు.

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

2007 వానాకాలం. కూర్మన్నపాలెం దగ్గర మూడంతస్తుల బిల్డింగ్ చేస్తున్నాం. రాయగడ వైపు నుంచి వచ్చిన ఆరు జంటలు నా కింద ఉండేవి. అందులో ఒకమ్మాయి, ఇరవై ఉంటాయో లేవో, తొమ్మిదో నెలలో కూడా ఇసక తట్ట మోసింది. మోసింది అంటున్నానుగానీ మోయించింది నేనే. ఒక రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో తీసుకెళ్ళాం. ఏ ఆసుపత్రి అన్నది ఇప్పుడు అనవసరం, తప్పు నాది. గేటు దగ్గర ఒకడు నన్ను చూసి, "లోకల్ కార్డు ఉంటే చూపించు గురూ, లేకపోతే లేనిపోని గొడవ" అన్నాడు. వాడు ఆసుపత్రి మనిషో, టీకొట్టు మనిషో నాకు ఇప్పటికీ తెలీదు. గ్యాస్ కనెక్షన్ కోసం తీయించిన మా రేషన్ కార్డు జిరాక్స్ నా జేబులో ఉంది. కౌంటర్‌లో పేరు అడిగితే మీ అత్త పేరు చెప్పాను. భర్త పేరు అడిగితే నా పేరు చెప్పాను. వయసు కూడా మీ అత్తదే, ముప్పై నాలుగు. రాసేవాడు తలెత్తి చూడలేదు.

ఆ పిల్ల మొగుడు నా వెనకే నిలబడ్డాడు. తెలుగు రాదు. వాడి పెళ్ళానికి ఇంకో మొగుణ్ణి రాయించానని వాడికి తెలీదు.

అర్ధరాత్రి దాటింది. వరండాలో ముగ్గురు ఆడవాళ్ళు వరుసగా ఉన్నారు. మగవాళ్ళం గ్రిల్ ఇవతల. నర్సు తలుపు దగ్గర నిలబడి మీ అత్త పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. ఆ పిల్ల కళ్ళు తెరిచే ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని పైన తిరగని ఫ్యాన్‌ని చూస్తోంది. తన పేరు కాదు కదా, ఎందుకు పలుకుతుంది? మూడోసారి కూడా పిలిచి, నర్సు పక్క మంచం ఆవిడని లోపలికి తీసుకెళ్ళిపోయింది. "ఆవిడేనమ్మా, ఆవిడే" అని గ్రిల్ పట్టుకుని అరిచాను. ఆ హడావిడిలో నా గొంతు ఎవరికి వినబడుతుంది? మళ్ళీ ఆ తలుపు తెరుచుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. సైట్ మీద ఇరవై నిమిషాలు అంటే ఒక బీడీ, ఒక టీ. ఆ రాత్రి ఎంత పొడుగున్నాయో ఆ ఇరవై నిమిషాలు.

ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం బాగా పోయింది. గ్రూపేమిటని ఆదరాబాదరాగా అడిగితే "బి పాజిటివ్" అనేశాను. అది మీ అత్తది. అబద్ధానికి నోరు అలవాటు పడిపోయిందిరా అప్పటికే. అదృష్టం, నా మాట నమ్మకుండా పరీక్ష చేయించారు. ఓ నెగెటివ్ అని తేలింది. నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు ఒక ఇంజెక్షన్ పడాలనీ, లేకపోతే తర్వాతి కాన్పులో బిడ్డకి ముప్పనీ ఆ నర్సు నన్ను తిడుతూనే చెప్పింది. "పెళ్ళాం గ్రూపు కూడా తెలీదా, ఏం మొగుడివయ్యా" అంది. తల దించుకున్నాను. ఆ ఇంజెక్షన్ పడింది, తల్లీ బిడ్డా బతికారు. పని అయిపోయాక వాళ్ళూరు వెళ్ళిపోయారు. మంచిపనే చేశానని నేనూ మర్చిపోయాను.

2013 జూన్‌లో ఆ బిడ్డ తండ్రి మా ఇంటికొచ్చాడు, పిల్లని వెంటబెట్టుకుని. ప్లాస్టిక్ కవర్లోంచి పుట్టిన సర్టిఫికెట్ తీసి నా చేతిలో పెట్టాడు. తల్లి పేరు దగ్గర మీ అత్త పేరు, తండ్రి పేరు దగ్గర నాది. ఆసుపత్రి నుంచి కార్పొరేషన్‌కి ఏం వెళ్తే అదే కదా రాస్తారు. వాళ్ళూరి బడిలో "ఈ పిల్ల నీ కూతురే అనడానికి రుజువేది?" అని అడిగారట. ఆరేళ్ళు ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకున్నాడు, చదవడం రాక.

మీ అత్త ఆ సర్టిఫికెట్ రెండుసార్లు చదివింది. నా వైపు ఒక్కసారి చూసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ సాయంత్రమే పిల్లని పీట మీద కూర్చోబెట్టి తలకి నూనె రాసి, చిక్కులు తీసి, రెండు జడలు వేసింది. ఆ గుంట జడలు ముందుకి వేసుకుని ఇల్లంతా తిరిగింది.

తర్వాత తిరగని చోటు లేదు. నోటరీ దగ్గర మేమిద్దరం ఒక అఫిడవిట్, వాళ్ళిద్దరూ ఒకటి, వాళ్ళ సర్పంచ్ ఉత్తరం, దాని తెలుగు అనువాదం. రెండేళ్ళు పట్టింది. ప్రతిసారీ వాడు రాయగడ నుంచి ప్యాసింజర్ ఎక్కి రావాలి, ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. టికెట్ నేను పెట్టాను, కూలి కూడా ఇవ్వబోతే తీసుకోలేదు. చివరికి సరిచేశారు. "అసలు ఎంట్రీ కొట్టెయ్యకూడదు, మార్జిన్‌లో పక్కన రాస్తాం" అన్నాడు గుమాస్తా. చట్టమే అంతట. అంటే ఆ రిజిస్టర్‌లో ఆ పిల్లకి అమ్మగా మీ అత్త పేరు ఇప్పటికీ ఉంది, పక్కన సన్నటి అక్షరాల్లో అసలు తల్లి. మార్జిన్‌లో. కన్నతల్లిని మార్జిన్‌లోకి నెట్టాను నేను.

ఇప్పుడు ఇంకా కష్టం. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి బడికైనా, ఆధార్‌కైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ అంటే ఆ సర్టిఫికెట్ ఒక్కటే. కోడలి కార్డు పెట్టావంటే కాగితం మీద నీకు ఇంకో కొడుకో కూతురో పుడతారు. అప్పుడు నువ్వు కోడలికి చెప్పుకుంటావో, నోటరీకి చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఇంకొకటి, ఇది నీకు నచ్చకపోవచ్చు. ఆమెకి కార్డు లేదన్నావట. నిజంగా లేదా, మీ లేబర్ కాంట్రాక్టర్ బీరువాలో ఉందా? అడ్వాన్స్ తీసుకుని వచ్చేవాళ్ళని వాళ్ళ వైపు దాదన్ కూలీలంటారు. అడ్వాన్స్ తీరేదాకా పారిపోకుండా కార్డులు దగ్గర పెట్టుకోవడం మా రోజుల్లోనే ఉంది. నా ట్రంకుపెట్టెలో కూడా ఓటరు కార్డులు ఉండేవి, రబ్బరు బ్యాండు వేసి. నేనేదో బ్యాంకులాగా భద్రం చేస్తున్నానని చెప్పుకునేవాణ్ణి. పద్ధతిగా అడుగు, గొడవపడకు. ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతాను. పాత మేస్త్రీ భాష వేరే ఉంటుంది.

కాన్పు గదిలోకి నిన్ను రానివ్వరు. కాబట్టి సైట్‌లో కాస్త తెలుగు వచ్చిన ఆడమనిషిని ఒకరిని ఇప్పుడే మాట్లాడిపెట్టు, ఆ రోజు కూలి నువ్వే ఇస్తానని చెప్పు. చీటీ రాసేటప్పుడు మొగుణ్ణి ముందు నిలబెట్టు, నువ్వు వెనక నిలబడు. రాసినది చదివి వాళ్ళకి వినిపించు. తప్పుంటే డిశ్చార్జికి ముందే దిద్దించు. బిడ్డకి అక్కడే వేసే టీకాలు వేయించుకునే రా. వార్డులో ఎవరైనా చెయ్యి చాపితే ఏం చెయ్యాలో నన్నడగకు. నేను ఇచ్చినవాణ్ణే, నీకు నీతులు చెప్పలేను.

ఆ రాయగడ పిల్లకి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు దాటాయి. పండక్కి ఫోన్ చేస్తే నాతో రెండు ముక్కలు, మీ అత్తతో గంట మాట్లాడుతుంది. మీ అత్తని బొడొమా అంటుంది, అంటే పెద్దమ్మ. ఈ ఉత్తరం రాస్తుంటే మీ అత్త పక్కనే కూర్చుని పాత నేతచీర ఒకటి చింపి మడతలు పెడుతోంది, నీ సైట్ బిడ్డ కోసం. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. భోజనం ఇక్కడే.

ఇంతకీ మీ అమ్మని ఆ అమ్మాయి పేరేమిటని అడిగితే, "ఏమోరా, వాడు ఒడిశా అమ్మాయి అనే అన్నాడు" అంది. నీకైనా తెలుసా? తెలీకపోతే రేపు పొద్దున్న పనిలోకి రాగానే, "తుమొ నా కొణొ?" అని అడుగు. ఒడియాలో నాకు వచ్చినది అదొక్కటే, అదీ ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆమె చెప్పినది చెప్పినట్టు రాసి నాకు పంపించు.

మీ మామయ్య
గాజువాక