తెల్లవారుజామున మూడింటికి గట్టు మీదకు వెళ్లు

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

కైకలూరు దగ్గర ఎనిమిదెకరాల చేపల చెరువు లీజుకు మాట్లాడుకున్నావని మీ అమ్మ చెప్పింది. మనింట్లో మళ్లీ ఒకడు గట్టెక్కుతున్నాడని ఎంత సంతోషం వేసిందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

లీజు కాగితం రాసుకునే ముందు ఆ నేల కొల్లేరు ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపల ఉందేమో చూసుకో. ఆ లోపలంతా 1999 నుంచి అభయారణ్యం. 2006లో అక్కడి చెరువు గట్లు కొట్టేయడం చిన్నప్పుడు నువ్వూ చూశావు. చేపపిల్ల మంచిది తెచ్చుకో, లెక్క రాసుకో. ఇవి ఎవరైనా చెబుతారు.

నాకు భయమల్లా నీటి రంగు దగ్గరే. 1997లో నా చెరువులో శీలావతి, బొచ్చె కేజీకి దగ్గరపడ్డాయి. నీళ్లు రోజురోజుకీ చిక్కటి పచ్చగా అవుతుంటే మురిసిపోయాను. మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనబడాలిరా. నాకు మణికట్టు కూడా కనబడేది కాదు. పక్క చెరువు రైతు మేత తగ్గించమంటే వినకుండా ఇంకా నాలుగు తవుడు సంచులు కట్టించాను.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఆ పచ్చంతా నీళ్లలో తేలే సన్న నాచేరా, ఎండ లేకపోతే అది ఆక్సిజన్ సరిగా ఇవ్వదు, రాత్రంతా పీల్చడం మాత్రం మానదు. చిక్కబడేకొద్దీ కిందిదానికి వెలుతురందక చస్తుంది. చచ్చింది కుళ్లుతూ మిగిలిన ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. నాలుగో రోజు తెల్లవారుజామున కాపలా అతను తలుపు బాదాడు. టార్చి వేస్తే నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి, ఒడ్డున నురగ. చెరువు నిండా తెరుచుకుని మూసుకుంటున్న నోళ్లు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇంజను పెట్టి కాలవ నీళ్లు తోడేసరికి తెల్లారిపోయింది. పెద్దవే ముందు పోయాయి. మీ పెద్దమ్మ గాజులు ఆ ఏడాదే అమ్మాం.

రెండు వారాలకు అదే చెరువు, చచ్చినదాని ఎరువుతోనే, తనంతట తాను లేత పచ్చగా తిరిగింది. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. నీళ్లకి అది మామూలేరా, పెరగడం, పడిపోవడం, మళ్లీ లేవడం. మధ్యలో ఊపిరాడక పోయేవి మన చేపలు.

మబ్బు పట్టిన రోజు మేత ఆపెయ్. డీజిల్ ఖర్చు చూసుకుని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకు. పనివాళ్ల మీద వదిలేసి పొద్దెక్కేదాకా పడుకునే నీ అలవాటు అక్కడ పనికిరాదు, మూడింటికి నువ్వే లేచి వెళ్లు. చెప్పులు వేసుకుని, టార్చి పట్టుకుని వెళ్లు నాన్నా, గట్ల మీద పాములుంటాయి.

నాకెలాగూ ఆ వేళకు మెలకువ వస్తుంది. నీళ్లు ఎలా ఉన్నాయో అప్పుడే ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న