పిన్ను దూరినంత మాత్రాన ఛార్జర్ సరిపోయినట్టేనా?

ప్రశ్న: నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన 65 వాట్ల ఛార్జర్ పోయిన నెల పనిచేయడం మానేసింది. కంపెనీ ఛార్జర్ ధర ఎక్కువగా ఉండడంతో నల్లగొండలో ఒక దుకాణంలో వేరే ఛార్జర్ కొన్నాను. దాని మీద కూడా 19.5 వోల్టులు, 65 వాట్లు అనే రాసి ఉన్నది, పిన్ను కూడా సరిగ్గా దూరింది. అయితే ల్యాప్‌టాప్ నడుస్తున్నదే గానీ బ్యాటరీ ఎక్కడం లేదు. ఆన్ చేయగానే అడాప్టర్ రకాన్ని గుర్తించలేకపోతున్నట్టు ఇంగ్లిషులో ఒక సందేశం వస్తున్నది, పని కూడా బాగా నెమ్మదించింది. దుకాణదారు బ్యాటరీ పోయిందంటున్నారు. బ్యాటరీ మార్చాలా? అసలు కంపెనీది కాని ఛార్జర్ వాడడమే తప్పా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: బ్యాటరీ ఇప్పుడే కొనకండి. మీరు రాసిన లక్షణాలు మూడూ, అంటే ఆ సందేశం రావడం, బ్యాటరీ ఎక్కకపోవడం, పని నెమ్మదించడం, కలిసి కనిపించాయంటే ముందుగా అనుమానించవలసింది ఛార్జర్‌నే.

ఛార్జర్ పని కరెంటు ఇవ్వడం వరకేనని చాలామంది అనుకుంటారు. మీ ల్యాప్‌టాప్ ఏ కంపెనీదో మీరు రాయలేదు. ఉదాహరణకు డెల్ ల్యాప్‌టాప్‌ల ఛార్జర్లలో, గుండ్రటి పిన్ను మధ్యలో సూదిలా కనిపించే సన్నని భాగం కరెంటు కోసం పెట్టింది కాదు. ఛార్జర్‌లో ఉండే చిన్న చిప్ తాను ఎన్ని వాట్లు ఇవ్వగలదో ఆ సూది ద్వారానే ల్యాప్‌టాప్‌కు తెలియజేస్తుంది. ఆ సమాచారం అందకపోతే, ఎదుట ఉన్న ఛార్జర్ ఎంత భారం మోయగలదో తెలియక, ల్యాప్‌టాప్ బ్యాటరీని ఎక్కించడం ఆపి, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి, ఉన్నంతలో పని నడిపిస్తుంది. మీకు వచ్చిన సందేశానికి అర్థం ఇదే. దీనివల్ల యంత్రం పాడైనట్టు కాదు, అది తనను తాను కాపాడుకుంటున్నట్టు.

ఇక్కడే మరో చిక్కు ఉన్నది. డెల్, హెచ్‌పీ కంపెనీలు రెండూ చాలా మోడళ్లకు 4.5 మిల్లీమీటర్ల పిన్ను, 19.5 వోల్టులు వాడుతున్నాయి. ఒక కంపెనీ పిన్ను రెండోదానిలో సునాయాసంగా దూరుతుంది, చీటీ మీది అంకెలూ దాదాపు కలుస్తాయి, కానీ గుర్తింపు చెప్పుకొనే పద్ధతి వేరు. మీరు కొన్నది రెండో కంపెనీ మోడళ్ల కోసం తయారైనది కావచ్చు, లేదా పిన్నులు మార్చుకుంటూ అన్నింటికీ వాడమని అమ్మే యూనివర్సల్ ఛార్జర్ రకం కావచ్చు. లెనోవో నలుచదరపు పిన్నులో కూడా ఇలాంటి గుర్తింపు ఏర్పాటు ఉంటుంది. ఏసర్ మోడళ్లలో చాలావాటికి ఈ బాధ లేదు. వోల్టులు, వాట్లు, పిన్ను కొలత కలిస్తే సరిపోతుంది.

నిర్ధారణకు సులువైన మార్గం, మీలాంటి ల్యాప్‌టాప్ ఉన్న సహోద్యోగి ఒరిజినల్ ఛార్జర్‌ను పది నిమిషాలు అడిగి పెట్టి చూడడం. దానితో బ్యాటరీ ఎక్కితే లోపం ఛార్జర్‌దేనని తేలిపోతుంది. డెల్ అయితే, ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 నొక్కితే వచ్చే సెట్టింగులలో బ్యాటరీ వివరాల దగ్గర, పెట్టిన ఛార్జర్ ఎన్ని వాట్లదో కనిపిస్తుంది. అక్కడ వాట్లు కనిపించకపోతే గుర్తింపు అందడం లేదన్నమాట. ఒరిజినల్‌తోనూ అదే సందేశం వస్తే మాత్రం ల్యాప్‌టాప్ వైపు ఉన్న సాకెట్‌ను చూపించాలి. సూది వంగినా, తీగ మెడ దగ్గర లోపలి సన్నని వైరు తెగినా కంపెనీ ఛార్జర్ కూడా ఇలాగే మొరాయిస్తుంది కాబట్టి, పాతదానిని పారేయక ముందు ఒకసారి విప్పించి చూడవలసింది.

ఇక మీ రెండో ప్రశ్న. కంపెనీది కాని ఛార్జర్ వాడడం తప్పు కాదు. అయితే తన పేరు తాను అచ్చు వేసుకుని, ఏయే మోడళ్లకు పనికివస్తుందో చెప్పి, బిల్లూ వారంటీ ఇచ్చే వేరే తయారీదారు ఛార్జర్ ఒకటి, పెద్ద కంపెనీ గుర్తును దొంగతనంగా ముద్రించుకున్న నకిలీ ఛార్జర్ మరొకటి. మొదటిదానిని నిశ్చింతగా కొనవచ్చు, రెండోదానిని సగం ధరకు ఇచ్చినా ఇంటికి తేకూడదని నా గట్టి అభిప్రాయం. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల భాగానికీ, మన చేతికి తగిలే వైపుకూ మధ్య ఉండవలసిన ఎడం, ఇన్సులేషన్ దగ్గరే నకిలీలు పొదుపు చేస్తాయి. అది బయటి నుంచి కంటికి కనిపించే పొదుపు కాదు. కేంద్ర ప్రభుత్వ నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు ప్రకారం ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను దుకాణంలో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన తయారీదారు పేరు చీటీ మీది పేరుతో కలుస్తుందో లేదో చూడండి.

వాట్ల సంగతి కూడా చెప్పాలి. వోల్టులు ల్యాప్‌టాప్ అడుగున రాసినదానితో కలవాలి. వాట్లు మాత్రం ఎక్కువ ఉన్నా నష్టం లేదు. 65 వాట్లు అడిగే యంత్రానికి సరైన గుర్తింపు ఉన్న 90 వాట్ల ఛార్జర్ పెడితే అది తనకు కావలసినంతే తీసుకుంటుంది. 45 వాట్లది పెడితే ఛార్జర్ వేడెక్కవచ్చు, పని నెమ్మదిస్తుంది. మీ దుకాణదారుకు సందేశాన్ని చూపించి, మీ మోడల్ నంబరుకు సరిపడే ఛార్జర్‌తో మార్చి ఇమ్మని అడగండి. అది మీ హక్కు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌కు టైప్-సి ఛార్జర్ వస్తుంది. హాస్టల్‌లో స్నేహితుడి 67 వాట్ల ఫోన్ ఛార్జర్ పెడితే చాలా మెల్లగా ఎక్కుతున్నది. ల్యాప్‌టాప్‌కు 65 వాట్లే చాలు కదా?
– ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ఆ 67 వాట్లు ఛార్జర్ చేసిన కంపెనీ తన ఫోనుకు, తన సొంత పద్ధతిలో ఇచ్చే లెక్క. ల్యాప్‌టాప్ మాట్లాడే భాష యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే, కంపెనీలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతి. అందులో 5, 9, 15, 20 వోల్టుల మెట్లు ఉంటాయి, 65 వాట్లు రావాలంటే 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు కావాలి. చాలా ఫోన్ ఛార్జర్లు ఈ పద్ధతిలో అంత ఇవ్వవు. ఛార్జర్ వెనుక సన్నని అక్షరాలలో 20 వోల్టుల వరుస ఉన్నదేమో చదవండి. కేబుల్ కూడా చూసుకోవాలి: మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 60 వాట్ల వరకే మోస్తుంది. ఆపైన కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ తీసుకోవాలి.

ప్రశ్న: కొత్తగా కొన్న ఛార్జర్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ ఇనుప అంచు తాకితే చేయి జిలజిలమంటున్నది. పాతదానితో ఇలా లేదు. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: పాత ఛార్జర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, కొత్తదానికి రెండు పిన్నులది ఉన్నదేమో చూడండి. అడాప్టర్ లోపలి చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే స్వల్ప కరెంటు ఎర్తింగ్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే ఇలా చేతికి తెలుస్తుంది. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉండి కూడా ఇలాగే ఉంటే ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయినా ఈ పరిస్థితి వస్తుంది. జిలజిల దాటి షాక్‌లా కొడితే మాత్రం వెంటనే స్విచ్ ఆపి, ఆ ఛార్జర్‌ను మళ్లీ వాడకండి.